పశువుల్లో జీన్ ఎడిటింగ్: పదే పదే అడిగే ప్రశ్నలు

2025 మే నెలలో రెండు వార్తలు వెంటవెంటనే వచ్చాయి. మన రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో జీన్ ఎడిటింగ్‌తో తయారైన వరి రకం ఒకటి, కశ్మీర్‌లో అదే పద్ధతిలో పుట్టిన గొర్రెపిల్ల ఒకటి. అప్పటి నుంచి పశువైద్యుడినైన నన్ను జియాగూడ మండిలో జీవాలు అమ్మేవాళ్లు, షాద్‌నగర్ వైపు పాడి రైతులు, అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు, అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. ప్రతి ఒక్కరికీ ఫోన్‌లో చెప్పడం కుదరక ఇక్కడ రాసి పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది, మీకు కావాల్సిన దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ల్యాబ్‌కి వెళ్లేముందు

జీన్ ఎడిటింగ్ అంటే జంతువుకి అసలు ఏం చేస్తారు?

ఆవు డీఎన్‌ఏ సుమారు 270 కోట్ల అక్షరాల పొడవుంటుంది. అందులో ముందే ఎంచుకున్న ఒక్కచోట కత్తిరించి, అక్కడున్న జన్యువును పనిచేయకుండా ఆపుతారు, లేదా ఒకటి రెండు అక్షరాలు మారుస్తారు. ఇప్పుడు ఎక్కువగా వాడే పనిముట్టు పేరు క్రిస్పర్. సుమారు 20 అక్షరాల గైడ్ ఆర్‌ఎన్‌ఏ ఆ చోటును వెతికి పట్టుకుంటుంది, క్యాస్9 అనే ప్రోటీన్ అక్కడ కోస్తుంది. తెగిన డీఎన్‌ఏను కణమే అతికించుకుంటుంది. అతికేటప్పుడు ఒకటి రెండు అక్షరాలు పోవడమో చేరడమో జరుగుతుంది, జన్యువు ఆగిపోయేది అలాగే. బాక్టీరియా తమ మీదికొచ్చే వైరస్‌లను నరికేయడానికి వాడుకునే పద్ధతి ఇది. దాన్ని కావాల్సిన చోట కోసే పనిముట్టుగా మలచవచ్చని 2012లో చూపించిన ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నాలకు 2020లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

బీటీ పత్తి లాంటిదేనా ఇది?

కాదు. బీటీ పత్తిలో బాక్టీరియా జన్యువు తెచ్చి పెట్టారు, అంటే వేరే జీవి జన్యువు వచ్చి చేరింది. పశువుల్లో ఇప్పుడు జరుగుతున్న ఎడిటింగ్‌లో ఎక్కువ భాగం ఆ జంతువుకు ఉన్న జన్యువునే ఆపడం, లేదా అదే జాతిలో ఇంకెక్కడో సహజంగా ఉన్న మార్పును ఇందులోకి తేవడం. అయితే అదే క్రిస్పర్‌తో బయటి జన్యువు కూడా పెట్టొచ్చు. అందుకే "జీన్ ఎడిటింగ్ అంటే బయటిదేదీ ఉండదు" అని ఎవరైనా గట్టిగా చెబితే, ఏ జంతువు, ఏ మార్పు అని తిరిగి అడగండి.

కర్నాల్‌లో పుట్టిన గరిమ దూడ కూడా ఇలాంటిదేనా?

గరిమ క్లోనింగ్‌తో పుట్టిన గేదె దూడ. 2009లో హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పాడి పరిశోధన సంస్థలో పుట్టింది. క్లోనింగ్‌లో ఉన్న జంతువుకు నకలు తీస్తారు, జన్యువు మార్చరు. గందరగోళం ఎందుకంటే, జీన్ ఎడిటింగ్‌కు చాలాసార్లు క్లోనింగే దారి: చర్మం కణంలో ముందు మార్పు చేసి, తర్వాత ఆ కణం నుంచి దూడను పుట్టిస్తారు.

మంచి పొట్టేలుని ఎంచి మందలో వదిలితే రాని గుణమా? తాతల నుంచి చేస్తున్నదే కదా?

వస్తుంది, టైమ్ పడుతుంది. దీనికి మన దక్కనీ గొర్రె కథే చెప్పాలి.

బెంగాల్ సుందర్‌బన్స్‌లో గరోల్ అనే చిన్న గొర్రె ఉంది. ఈతకు రెండు మూడు పిల్లలు వేస్తుంది. కారణం ఫెక్‌బి అనే జన్యు మార్పు, ఒకే ఒక్క అక్షరం తేడా. 18వ శతాబ్దం చివర్లో బెంగాల్ నుంచి ఓడల్లో ఆస్ట్రేలియా వెళ్లిన గొర్రెల ద్వారా అక్కడి మెరినోల్లోకి కూడా ఇది చేరింది. మన దక్కనీ గొర్రె మామూలుగా ఈతకు ఒక్క పిల్లనే వేస్తుంది. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు 1990ల్లో గరోల్ పొట్టేళ్లను తెచ్చి దక్కనీతో దాటించారు. కవలలు వచ్చాయి, కానీ వాటితోపాటు గరోల్ పొట్టితనమూ వచ్చింది. సంబంధం కలుపుకుంటే అల్లుడొక్కడే రాడు, అతని తరఫు వాళ్లంతా దిగుతారు. ఇదీ అంతే. ఆ పొట్టితనాన్ని వదిలించుకోవడానికి మళ్లీ మళ్లీ దక్కనీ వైపు దాటిస్తూ, ప్రతి తరంలో రక్తం తీసి ఫెక్‌బి ఉన్నవాటినే ఉంచుకుంటూ, ఏళ్ల తరబడి చేస్తే నారి సువర్ణ అనే గొర్రె తయారైంది.

అదే ఒక్క అక్షరాన్ని దక్కనీ పిండంలో నేరుగా మార్చగలిగితే పొట్టితనం అసలు రాదు, తరాల పని ఒక్క తరంలో అవుతుంది. జీన్ ఎడిటింగ్ లాభం ఇదే. కానీ ఏ అక్షరం మార్చాలో తెలిసింది మాత్రం, ఎవరో గరోల్ మందను ఓపిగ్గా గమనించి లెక్కలు రాసుకున్నారు కాబట్టి. మందల రికార్డులు లేనిచోట ఎడిట్ చేయడానికీ ఏమీ దొరకదు. ఈ మాట చెబితే మీటింగుల్లో అందరూ తలూపుతారు, ఇంటికెళ్లాక ఈత తేదీ రాసుకునేవాళ్లు మాత్రం తక్కువ.

మా గేదె రోజుకి 20 లీటర్లు ఇచ్చేలా ఎడిట్ చేయగలరా?

లేరు. పాల దిగుబడి ఒక జన్యువు చేతిలో లేదు. వందలు, వేల చోట్ల ఉన్న చిన్న చిన్న తేడాలు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి, ఆపైన మేత, నీళ్లు, ఎండ, పొదుగువాపు ఉండనే ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల కత్తిరిస్తే లీటర్లు పెరగవు.

పాల కోసం పనికొచ్చేది జీనోమిక్ సెలక్షన్. దూడ రక్తమో చెవి తునకో తీసి వేల చోట్ల డీఎన్‌ఏను చదివి, పెద్దయ్యాక అది ఎలాంటిదవుతుందో అంచనా వేస్తారు. దేశవాళీ ఆవుల కోసం ఇండిగౌ అనే చిప్‌ను తయారుచేసింది మన గచ్చిబౌలిలోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థే, 2021లో. గిర్, సాహివాల్, కాంక్రేజ్, ఒంగోలు జాతులు అందులో ఉన్నాయి. ఇందులో మార్చేది ఏమీ లేదు, చదవడమే.

## ల్యాబ్‌లో

పెరిగిన జంతువుకి ఇంజెక్షన్ ఇచ్చి మారుస్తారా?

అలా కాదు, అప్పటికే లక్షల కోట్ల కణాలు ఉంటాయి. ఒకే కణం ఉన్న దశలోనే చేయాలి. ఒక దారిలో అండాన్ని, వీర్యాన్ని ల్యాబ్‌లో కలిపి, ఆ తొలి పిండంలోకి సన్నని సూదితోనో కరెంటు షాక్‌తోనో క్రిస్పర్ పంపి, తర్వాత దాన్ని ఇంకో ఆవు గర్భంలో పెడతారు. రెండో దారిలో మామూలు కణంలో మార్పు చేసి, సరిగ్గా జరిగిందని పరీక్షించుకున్నాక క్లోనింగ్‌తో పిండం చేస్తారు. మొదటి దారిలో పుట్టాకే ఫలితం తెలుస్తుంది, రెండో దారిలో ముందే తెలుస్తుంది కానీ పిండాలు ఎక్కువగా పోతాయి.

కోడి సంగతేంటి? గుడ్డుకి పెంకు ఉంటుంది కదా?

గుడ్డు పెట్టేసరికే లోపలి పిండం వేల కణాలుగా విడిపోయి ఉంటుంది, కాబట్టి ఆవుకు చేసినట్టు కుదరదు. కోడిపిల్ల గుడ్డులో పెరిగే మొదటి రోజుల్లో, ముందుముందు వీర్యంగానో అండంగానో మారబోయే కణాలు దాని రక్తంలో తిరుగుతుంటాయి. వాటిని బయటికి తీసి, ల్యాబ్‌లో పెంచి, ఎడిట్ చేసి, ఇంకో గుడ్డులోని పిండం రక్తంలోకి ఎక్కిస్తారు. ఆ గుడ్డు నుంచి వచ్చిన కోడి మామూలుదే, దాని పిల్లల్లో కొన్ని ఎడిట్ అయినవి వస్తాయి. ఈ రంగంలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచిన పనితనం ఇది.

కత్తిరించాల్సిన చోట కాకుండా ఇంకోచోట కత్తిరిస్తే?

జరగొచ్చు. ఆవు డీఎన్‌ఏలోని 270 కోట్ల అక్షరాల్లో, క్రిస్పర్ గైడ్ వెతికే 20 అక్షరాల వరుసను దాదాపు పోలిన చోట్లు ఇంకా ఉండొచ్చు. అందుకే గైడ్‌ను ఎంచేటప్పుడే కంప్యూటర్‌లో వెతికి చూస్తారు, పుట్టాక మొత్తం డీఎన్‌ఏ చదువుతారు. మామూలుగా పుట్టే ప్రతి దూడలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు పదుల సంఖ్యలో ఉంటాయన్నది కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

నిజంగా పరువు పోయిన సంఘటన మాత్రం వేరే రకంది. అమెరికాలో రికాంబినెటిక్స్ అనే కంపెనీ కొమ్ములు రాని హోల్‌స్టీన్ కోడెలు రెండింటిని తయారుచేసింది, అవి 2015లో పుట్టాయి. అందులో వాడింది క్రిస్పర్ కాదు, టాలెన్ అనే అంతకుముందరి పనిముట్టు. కొమ్ములు రాలేదు, అంతా శుభ్రంగా ఉందని ప్రకటించారు. 2019లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు ఆ డీఎన్‌ఏ వివరాలను మళ్లీ చదివితే, మార్పును మోసుకెళ్లడానికి వాడిన బాక్టీరియా డీఎన్‌ఏ ముక్క కూడా లోపల అతుక్కుని కనిపించింది, యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువులతో సహా. కంపెనీ దాని కోసం వెతకలేదు కాబట్టి దానికి దొరకలేదు. బ్రెజిల్‌లో ఈ పశువులను పెంచాలన్న ఆలోచన అక్కడితో ఆగిపోయింది. అమ్ముకునేవాళ్లే పరీక్షించుకుంటే చాలదని ఎవరైనా వాదిస్తే నేను ఈ కోడెల సంగతే చూపిస్తాను.

మొజాయిక్ అంటున్నారు, అదేంటి?

ఒకే జంతువులో కొన్ని కణాలు మారి, కొన్ని మారకుండా ఉండటం. క్రిస్పర్ పనిచేసేలోపే పిండం రెండు నాలుగు కణాలుగా విడిపోతే ఇలా అవుతుంది. చెవి తునకలో మార్పు కనిపించినంత మాత్రాన వీర్యంలో ఉన్నట్టు కాదు. అందుకని తర్వాతి తరం పుట్టేదాకా ఆగి చూడాలి.

జంతువులకి హింస కాదా ఇదంతా?

పిండాలు పోతాయి, కొన్ని దూడలు పుట్టగానే చనిపోతాయి, క్లోనింగ్ దారిలో ఈ నష్టం మరీ ఎక్కువ. దాన్ని దాచిపెట్టి మాట్లాడకూడదు. మన దేశంలో జంతువులపై ప్రయోగాలకు సంస్థలోని ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, పెద్ద జంతువులైతే కేంద్రంలోని కమిటీ కూడా చూడాలి.

రెండో వైపు కూడా ఉంది. దూడ కొమ్ము మొదళ్లను కాల్చే పని చేసినవాళ్లకు అది ఎంత నొప్పో తెలుసు, కొమ్ములే రాకపోతే ఆ బాధ ఉండదు. నా భయం ఇంకొకటి. జబ్బు రాని కోడి వచ్చింది కదా అని అదే షెడ్డులో ఇంకో వెయ్యి కోళ్లను కుక్కితే, జన్యువుతో వచ్చిన మేలు కాస్తా ఇరుకులో పోతుంది.

## పుట్టాక

కశ్మీర్ గొర్రెపిల్లలో ఏం మార్చారు?

మయోస్టాటిన్ అనే జన్యువును ఆపారు. కండ ఒక స్థాయి దాటి పెరగకుండా పట్టి ఉంచేది అదే. శ్రీనగర్‌లోని షేర్-ఎ-కశ్మీర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం చేసిన పని ఇది, 2012లో నూరి అనే పష్మీనా మేకను క్లోన్ చేసింది కూడా అక్కడే. కండ సుమారు 30 శాతం పెరుగుతుందని, బయటి డీఎన్‌ఏ ఏదీ లేదని వాళ్లు చెప్పారు.

ఈ జన్యువు పని 1997లో ఎలుకల్లో బయటపడింది. ఎడిటింగ్ లేకుండానే ఇది చెడిపోయిన పశువులు ప్రపంచంలో ముందు నుంచే ఉన్నాయి: బెల్జియన్ బ్లూ ఆవులు. చూడటానికి పహిల్వాన్లలా ఉంటాయి, కానీ దూడ మరీ కండపట్టి ఉండటంతో ఎక్కువ ఈతలకు ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. కాబట్టి ఆ గొర్రెపిల్ల ఎంత బరువు తూగిందన్నదాని కంటే, దాని తరం గొర్రెలు కాపరి చేతిలో, డాక్టర్ లేనిచోట, మామూలుగా ఈనగలవా లేదా అన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న. సిజేరియన్ చేసి గొర్రెను పెంచే స్థోమత మన దగ్గర ఎవరికుంది?

బర్డ్ ఫ్లూ రాని కోడి నిజంగా ఉందా?

దగ్గరిదాకా వచ్చారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో హెచ్5ఎన్1 బయటపడి, హైదరాబాద్‌లో చికెన్ షాపులు వెలవెలబోయినప్పటి నుంచి అందరూ దీన్నే అడుగుతున్నారు.

ఫ్లూ వైరస్ తనంతట తాను పెరగలేదు. కోడి కణంలోని ఏఎన్‌పీ32ఏ అనే ప్రోటీన్‌ను వాడుకుని కాపీలు తీసుకుంటుంది. ఎడిన్‌బరాలోని రోజ్లిన్ ఇన్‌స్టిట్యూట్, లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్తలు, వైరస్‌కు పట్టు దొరకకుండా ఆ ప్రోటీన్‌లో చిన్న మార్పు చేశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. మామూలు మోతాదులో వైరస్ తగిలితే పది కోళ్లలో తొమ్మిదింటికి జబ్బు అంటలేదు. వెయ్యి రెట్లు ఎక్కువ ఎక్కిస్తే పదిలో ఐదింటికి అంటింది. ఆ ఐదింట్లో దొరికిన వైరస్ కూడా మారిపోయింది, తలుపు మూస్తే కిటికీ వెతుక్కుని, అదే కుటుంబంలోని వేరే ప్రోటీన్లను వాడుకోవడం నేర్చుకుంది. ఆ కుటుంబంలోని మూడు జన్యువులనూ ఆపితే ల్యాబ్‌లోని కణాల్లో వైరస్ పెరగలేదు, మూడూ ఆపిన కోడి ఆరోగ్యంగా ఉంటుందా అన్నది వేరే పరీక్ష.

ఇంకో సంగతి, వాళ్లు పరీక్షించింది హెచ్9ఎన్2 రకంతో, మన ఫారాలను ఖాళీ చేసిన హెచ్5ఎన్1తో కాదు. సగం పనిచేసే ఎడిట్‌ను తొందరపడి లక్షల కోళ్లలోకి వదిలితే, మనమే వైరస్‌కు ట్రైనింగ్ ఇచ్చినట్టవుతుంది.

ఎండ తట్టుకునే ఆవుల్ని చేశారట కదా, మన మే నెలకి పనికొస్తాయా?

కరీబియన్ దీవుల్లోని సెనెపోల్ ఆవుల్లో స్లిక్ అనే సహజమైన మార్పు ఉంది. వెంట్రుకలు పొట్టిగా, నున్నగా ఉండి ఒళ్లు తక్కువ వేడెక్కుతుంది. ఆ మార్పును ఎడిటింగ్‌తో తెచ్చిన మాంసపు పశువులను 2022 మార్చిలో ఎఫ్‌డీఏ తక్కువ ప్రమాదం ఉన్నవిగా తేల్చి, మార్కెట్‌కు అడ్డు చెప్పలేదు. మన ఒంగోలుకు, గిర్‌కు దీని అవసరం లేదు, మూపురం జాతులు ఎండకే పుట్టాయి. మధ్యాహ్నానికి నాలుక బయటపెట్టి రొప్పే హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీ సంకర ఆవులకైతే పనికి రావచ్చు. అప్పటిదాకా షెడ్డు ఎత్తు పెంచి, ఫాగర్ పెట్టుకోవడమే దారి.

ఇంకా ఏమేం వచ్చాయి?

పందులకు వచ్చే పీఆర్‌ఆర్‌ఎస్ అనే ప్రాణాంతక జబ్బును తట్టుకునే పందిని పీఐసీ కంపెనీ తయారుచేసింది. వైరస్ కణంలోకి దూరే సీడీ163 అనే ద్వారంలో చిన్న ముక్క తీసేశారు. 2025 ఏప్రిల్ 30న ఎఫ్‌డీఏ దాన్ని ఆహారంగా వాడటానికి అనుమతించింది. జపాన్‌లో 2021 నుంచే కండ ఎక్కువున్న మడాయి చేప అమ్ముతున్నారు.

ఇజ్రాయెల్‌లో చేసిన పని తెలివైనది. గుడ్లకోళ్ల హ్యాచరీల్లో మగపిల్లలను పుట్టగానే చంపేస్తారు. అక్కడి వోల్కాని సంస్థ వాళ్లు తల్లికోడిలో, పిల్ల ఆడో మగో తేల్చే జెడ్ క్రోమోజోమ్‌లో మార్పు పెట్టారు. తల్లి నుంచి జెడ్ కొడుకులకే పోతుంది, కూతుళ్లకు డబ్ల్యూ పోతుంది. గుడ్ల మీద నీలి వెలుగు వేస్తే మగపిండాలు మొదట్లోనే ఎదగడం ఆగిపోతాయి. పుట్టే పెట్టల్లో, అవి పెట్టే గుడ్లలో ఎడిట్ ఉండదు.

పంది గుండె మనిషికి పెట్టారని చదివాం. అది కూడా ఇదేనా?

పనిముట్టు ఒకటే, లక్ష్యం వేరు. 2022 జనవరిలో అమెరికాలోని బాల్టిమోర్‌లో అమర్చిన గుండె పది జన్యు మార్పులున్న పందిది, ఆ రోగి రెండు నెలలు బతికారు. అది వైద్యానికి పెంచే పంది, పశుపోషణతో సంబంధం లేదు.

## అనుమతుల దగ్గర

మన దేశంలో ఎడిట్ చేసిన పశువుల్ని పెంచడానికి అనుమతి ఉందా?

ఇప్పటిదాకా పెంచి అమ్ముకోవడానికి ఒక్కదానికీ ఇవ్వలేదు. పరిశోధనకు దారి ఉంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నిబంధనలే వీటికీ వర్తిస్తాయి. మొదట సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ, తర్వాత బయోటెక్నాలజీ శాఖ కింద ఉండే కమిటీ, బయటికి వదలాలంటే చివరికి కేంద్ర పర్యావరణ శాఖలోని జన్యు ఇంజనీరింగ్ అనుమతుల కమిటీ, అంటే జీఈఏసీ.

రాజేంద్రనగర్ వరికి ఇచ్చారు, గొర్రెకి ఎందుకివ్వరు?

2022 మార్చి 30న కేంద్రం ఇచ్చిన సడలింపు మొక్కలకు మాత్రమే. బయటి డీఎన్‌ఏ మిగలని ఎడిటింగ్ మొక్కలకు జీఈఏసీ దాకా వెళ్లే పని తప్పించారు. భారత వరి పరిశోధన సంస్థ మన సాంబమసూరి నుంచి తయారుచేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే కమల, ఆ దారిలోనే 2025 మే 4న బయటికి వచ్చింది. పశువుల మాట ఆ ఉత్తర్వులో లేదు. నా దృష్టిలో ఈ తేడా ఉండాల్సిందే, ఎందుకంటే విత్తనం నచ్చకపోతే మరుసటి సీజన్‌కు మార్చుకుంటాం, మందలో కలిసిన పొట్టేలు సంగతి అలా కాదు. కానీ దారే లేకుండా ఉంచడం కూడా సరికాదు. పశువులకు విడిగా నిబంధనలు రాయాలి.

విదేశాల్లో ఎలా ఉంది?

ఒక్కో దేశానిది ఒక్కో తీరు. అమెరికాలో ఎఫ్‌డీఏ జంతువు డీఎన్‌ఏలో చేసిన మార్పును పశువుల మందును చూసినట్టే చూస్తుంది. అర్జెంటీనా ఒక్కొక్కదాన్ని విడిగా పరిశీలించి, బయటి జన్యువు లేకపోతే మామూలు జంతువుగానే లెక్కేస్తోంది. యూరప్‌లో 2018 జులై 25 నాటి కోర్టు తీర్పు ప్రకారం ఇవి జన్యుమార్పిడి జీవులే. బ్రిటన్ 2023లో కొత్త చట్టం చేసింది, అందులో జంతువులు ఉన్నా అమలు మాత్రం మొక్కలతో మొదలుపెట్టారు.

## కొట్టంలోకి వస్తే

ఒకాయన జీన్ ఎడిటెడ్ పొట్టేలుపిల్ల ఇస్తానంటున్నాడు, అడ్వాన్స్ కట్టమంటారా?

కట్టకండి. అలాంటిది మన దేశంలో ఎవరూ చట్టబద్ధంగా అమ్మడం లేదు.

గోపాలమిత్ర వేసే ఆడదూడల సెమెన్ జీన్ ఎడిటింగే కదా?

కాదు. ఆడదూడనిచ్చే వీర్యకణంలో ఎక్స్ క్రోమోజోమ్ ఉంటుంది, అది వై కంటే పెద్దది, కాబట్టి ఆ కణంలో డీఎన్‌ఏ సుమారు 4 శాతం ఎక్కువ. మెషిన్ ఆ తేడాను పట్టి వేరు చేస్తుంది, అంతే. ఏ జన్యువునూ మార్చదు. పదింట తొమ్మిది ఆడదూడలు వస్తాయి. చూలు కట్టకపోతే సెమెన్‌ను తిట్టేముందు, ఎదకు వచ్చిన ఎంతసేపటికి వేయించారో ఒకసారి లెక్క చూసుకోండి.

దేశవాళీ జాతులు అంతరించిపోవా?

దేశవాళీ జాతులకు ఇప్పటిదాకా జరిగిన నష్టం జీన్ ఎడిటింగ్ వల్ల కాదు, అడ్డదిడ్డంగా సంకరం చేయడం వల్ల, కొనేవాడు లేకపోవడం వల్ల. గొంగళ్లకు గిరాకీ పోయాక తెలంగాణలో చాలామంది దక్కనీని వదిలి నెల్లూరు రకం వైపు వెళ్లారు. మన ఒంగోలు బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లలో పెరుగుతోంది, ఇక్కడేమో ఒంగోలు గిత్తను చూడాలంటే బండలాగుడు పోటీలకు పోవాలి.

ఎడిటింగ్‌తో వచ్చే ప్రమాదం వేరు. ఎడిట్ చేసిన నాలుగైదు పొట్టేళ్ల నుంచే ఊళ్లకు ఊళ్లు పిల్లలు పుడితే మందలన్నీ దగ్గరి చుట్టాలైపోతాయి. దానికి మందు ఒక్కటే, ఎక్కువ వంశాల్లో ఎడిట్ చేయడం. ఖర్చు కూడా అక్కడే పెరుగుతుంది.

పేటెంట్ ఉంటుందా? పుట్టిన పిల్లల్ని నేను పెంచుకోవచ్చా?

భారత పేటెంట్ చట్టం సెక్షన్ 3(జె) ప్రకారం జంతువు మీద పేటెంట్ ఇవ్వరు. కానీ క్రిస్పర్ పద్ధతి మీద విదేశీ సంస్థలకు పేటెంట్లు ఉన్నాయి, వాణిజ్యానికి వాడాలంటే లైసెన్సు ఫీజు కట్టాలి. ఆ ఫీజు చివరికి పొట్టేలు ధరలోకే చేరుతుంది. కంపెనీ కాగితం మీద సంతకం పెట్టమంటే, పిల్లల గురించి ఏం రాశారో ఎవరితోనైనా చదివించుకుని పెట్టండి.

## పళ్లెంలోకి వస్తే

బ్రాయిలర్ ఆరు వారాల్లో అంత ఎదుగుతోందంటే ఏదో మార్చే ఉంటారు కదా?

దశాబ్దాల ఎంపిక అది. ప్రతి తరంలో త్వరగా ఎదిగినవాటినే తల్లిదండ్రులుగా ఉంచుకుంటూ వచ్చారు, మేతను కూడా దానికి తగ్గట్టు చేశారు. జీన్ ఎడిటింగూ లేదు, హార్మోన్ ఇంజెక్షనూ లేదు. వేల కోళ్లను పట్టుకుని ఒక్కొక్కదానికీ హార్మోన్ ఎక్కించే తీరిక, డబ్బు ఏ ఫారం యజమానికీ లేవు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజా, గ్రామప్రియ కూడా మామూలు సంకరంతో వచ్చినవే. అడగాల్సింది యాంటీబయాటిక్ గురించి, అది ఎవరూ అడగరు.

రంజాన్ హలీంలో, బిర్యానీలో ఈ మాంసం వచ్చేసిందా?

లేదు. మన దేశంలో ఎడిట్ చేసిన జంతువు మాంసం, పాలు, గుడ్లు ఏవీ మార్కెట్లో లేవు.

వస్తే తినొచ్చా? ఒంటికి ఏమైనా అవుతుందా?

ప్రతి ముద్దలోనూ డీఎన్‌ఏ తింటూనే ఉంటాం, అరుగుతుంది. గొర్రె జన్యువు మారినంత మాత్రాన తిన్నవాడి జన్యువు మారదు. చూడాల్సింది ఆ మార్పు వల్ల మాంసంలోనో పాలలోనో కొత్త ప్రోటీన్ ఏదైనా తయారవుతోందా, అది ఎవరికైనా పడకుండా పోతుందా అని. జన్యువును ఆపే ఎడిట్‌లో ఆ అవకాశం తక్కువ, బయటి జన్యువు పెడితే ఎక్కువ. అందుకే "జీన్ ఎడిటింగ్ మాంసం మంచిదా చెడ్డదా" అన్న ప్రశ్నకు జవాబు లేదు, ఫలానా మార్పు ఉన్న ఫలానా జంతువు గురించి అడిగితే ఉంటుంది.

మేం శాకాహారులం, మాకేం సంబంధం లేదు కదా?

పాలు తాగుతారుగా. ఆవు, గేదె పాలలో బీటా లాక్టోగ్లోబులిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, తల్లిపాలలో ఉండదు. కొందరు పిల్లలకు పాలు పడకపోవడానికి అదొక కారణం. దాన్ని ఆపేసిన ఆవులను న్యూజిలాండ్‌లో పుట్టించారు, కర్నాల్‌లో గేదె పిండాల మీద అదే పని చేస్తున్నారు. పాల ప్యాకెట్‌లోకి రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. మీ ఇంటికి ఏదైనా ముందు వచ్చేది ఉంటే అది జీన్ ఎడిటింగ్‌తో వచ్చిన కమల బియ్యమే.